షారోన్ కత్తిరించనివ్వని షాట్

2021లో నేను దుబాయ్‌లో ఒక గోల్ఫ్ అకాడమీలో జూనియర్ కోచ్‌ని. జూనియర్ అంటే పిల్లలకి నేర్పేవాణ్ణి, నా నెరిసిన జుట్టు చూసి నవ్వక్కర్లేదు. ఇక్కడ కరామా అనే పేటలో మనవాళ్ల హోటల్‌కి వెళ్లి నా పని చెబితే, "గోల్ఫ్ నేర్పితే జీతమిస్తారా?" అని ఇప్పటికీ అడుగుతారు. అలా అడిగినవాళ్లందరికీ షారోన్ సంగతి చెబుతాను. చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుందని మా ఆవిడ అంటుంది.

షారోన్ వాళ్లుండేది దుబాయ్‌లోనే అల్ కుసైస్ అనే పేటలో. తల్లి మేరీ గారిది అమలాపురం దగ్గర ఊరు, ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. షారోన్ పదో తరగతి అయ్యాక గోల్ఫ్ కర్ర పట్టింది. ఆట త్వరగానే పట్టుబడింది కానీ, చూపించుకోవడానికి పెద్ద టోర్నమెంట్లేవీ లేవు. అమెరికాలో యూనివర్సిటీ జట్టుకి ఆడాలని ఆ పిల్ల పట్టుదల. అక్కడి కోచ్‌లకి రాసిన మెయిళ్లకి జవాబే రాలేదు.

పన్నెండో తరగతి చివర్లో తల్లీకూతుళ్లని కూర్చోబెట్టి ఇంకో దారి చెప్పాను. అక్కడ జూనియర్ కాలేజీలని ఉంటాయి. వాటిలో రెండేళ్లు చదువుతూ కాలేజీ జట్టుకి ఆడాలి. ఆటా మార్కులూ నిలబెట్టుకుంటే ట్రాన్స్‌ఫర్ తీసుకోవచ్చు, అంటే చదివిన సబ్జెక్టుల లెక్క వెంటబెట్టుకుని నేరుగా యూనివర్సిటీ మూడో ఏడులో చేరి, ఆ జట్టుకి ఆడొచ్చు.

మేరీ గారి మొహం చిన్నబోయింది. "మళ్లీ ఇంటరా మాస్టారూ?"

"మన ఇంటర్ కాదండీ. డిగ్రీలో మొదటి రెండేళ్లనుకోండి."

"ఆయ్. అయితే రాయండి మరి."

ఒక కాలేజీ నుంచి జవాబొచ్చింది. కరోనా రోజులు కాబట్టి వచ్చి చూసే వీల్లేదు, వరసగా మూడు హోల్స్, అంటే మూడు కన్నాల్లో బంతి వేసేదాకా ఆడి వీడియో పంపమని అక్కడి కోచ్ రాసింది. మధ్యలో ఎక్కడా కోత ఉండకూడదట. జట్టులో ఒక్క చోటే మిగిలిందని, ఆ వారంలోనే తేల్చేస్తానని కూడా చెప్పింది.

వీడియో తీయడానికి మేరీ గారే వచ్చారు, నైట్ డ్యూటీ దిగి యూనిఫాంలోనే. మే నెల కదా, పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. రెండు హోల్స్ చక్కగా అయ్యాయి. మూడోదాంట్లో బంతి బంకర్‌లో పడింది, అంటే జెండా ఉండే చోటికి పక్కనే కావాలని తవ్విన ఇసుక గుంటలో. షారోన్ కొట్టింది. బంతి గట్టు దాకా ఎక్కి, మళ్లీ జారి ఆమె కాళ్ల దగ్గరికే వచ్చింది. దూరంగా బ్యాటరీ కార్ట్‌లో కూర్చున్న నేను, చోటు పోయినట్టే అనుకున్నాను.

షారోన్ తలెత్తి తల్లిని చూసింది. "అమ్మా, ఎండలో ఉన్నావ్. ఆ చెట్టు నీడలోకి జరుగు."

ఆవిడ జరిగారు. ఆవిడతోపాటు ఫోనూ ఊగింది. షారోన్ మళ్లీ సర్దుకుని నిలబడి కొట్టింది. ఈసారి బంతి జెండా పక్కనే ఆగింది. రేక్ తీసుకుని, కెలికిన ఇసుకంతా చదును చేసి, మెల్లగా వెళ్లి బంతిని హోల్‌లో వేసింది.

అకాడమీలో కూర్చుని ముగ్గురం ఆ వీడియో చూశాం.

"బంతీ లేవలేదు, నా చేతిలో ఫోనూ ఊగిపోయింది. ఆ ముక్క ఖలాస్ చేసెయ్యండి మాస్టారూ," అన్నారు మేరీ గారు. "పెళ్లిచూపులకి చిరిగిన చీర ఎవరైనా కడతారా?"

"కోత ఉంటే తీసుకోరండీ."

"అయితే రేపు మళ్లీ తీద్దాం."

అందులో తప్పేం లేదు. నచ్చేదాకా తీసి పంపేవాళ్లే ఎక్కువ. నేనూ సరే అనబోయాను. షారోన్ ఒప్పుకోలేదు.

"వద్దమ్మా. అక్కడికెళ్లినా నా బంతి ఇసుకలో పడుద్ది. అప్పుడు ఆ కోచ్, నేను తీసుకున్న అమ్మాయి ఈమేనా అనుకోకూడదు. ఇదే పంపుదాం."

"చోటు పోతే నా దగ్గర ఏడవకు," అన్నారు తల్లి. అంటూనే ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. ఆ పిల్ల అప్పటికే పంపేసింది.

వారం చివర్లో కోచ్ వీడియో కాల్ చేసింది. పెద్దావిడ. స్వింగ్, అంటే కర్ర తిప్పే తీరు గురించి అడుగుతుందని నేను ఏవేవో నేర్పి కూర్చోబెట్టాను. ఆవిడ అవేవీ అడగలేదు. ఇసుకలో మొదటి షాట్ తప్పాక ఎవరితోనో ఏదో అన్నావు, ఏమన్నావని అడిగింది.

"మా అమ్మని నీడలోకి వెళ్లమన్నాను," అంది షారోన్.

షాట్ తప్పితే కర్ర విసిరేసే పిల్లల్ని చాలామందిని చూశానని, ఆ సమయంలో పక్కమనిషికి ఎండ తగులుతోందని చూసుకున్న పిల్ల తన జట్టులో ఉండాలని కోచ్ చెప్పింది. ఆ చోటు షారోన్‌కే ఇచ్చింది. నాకు గర్వంతో ఒళ్లు పొంగింది. అందులో నేను నేర్పింది ఒక్క ముక్కా లేదు, అయినా పొంగింది.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లల్లో నేను ముందు చూసేది, షాట్ తప్పాక వాళ్లేం చేస్తారన్నదే. స్వింగ్ ఎలాగూ నేర్పుతాను. అది చూడటం మాత్రం షారోన్ దగ్గరే నేర్చుకున్నాను.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం మేరీ గారి ఫోన్. షారోన్‌కి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, యూనివర్సిటీ జట్టులో పేరు పెట్టారు. ఆవిడ ఒకటే నవ్వు, మధ్యలో ఏడుపు, వెనక కార్ల హారన్లు.

"ఎక్కడున్నారండీ?" అన్నాను.

"ఆస్పత్రి పార్కింగ్‌లో మాస్టారూ, నడి ఎండలో. ఇవాళ నా కూతురొచ్చి చెప్పినా నీడలోకి పోను."