డీజే మామ ఎంచిన స్ట్రోబ్

ఆ రోజుల్లో వరంగల్‌కు సముద్రం లేదన్న సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలుసు. సుబేదారిలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు మోయడం నా ఉద్యోగం. అయినా ‘అండర్‌వాటర్ స్పెషలిస్ట్’ అని విజిటింగ్ కార్డులు అచ్చు వేయించుకున్నాను. (నీళ్లలో అప్పటికి ఒక్క ఫొటో కూడా తీయలేదన్నది చిన్న విషయం. కార్డు మీద దానికి చోటు చాలలేదు.) అంతలో పెద్దనాన్న కొడుక్కి, అంటే మా అన్నకి, పెళ్లి కుదిరింది. కాబోయే వదిన ఫోన్‌లో ఎవరివో నీళ్లలోపలి ఫొటోలు చూసి, “మాగ్గూడ గిట్లనే కావాలె” అన్నది. ఆ ఫొటో నేను తీసి, బాగా వస్తే నా చేతికి స్టూడియో కెమెరా ఇస్తానన్నాడు ఓనరు. రాకపోతే మోయడానికి ఆల్బమ్‌లు ఉండనే ఉన్నాయి.

నీళ్లు చొరని డబ్బాలో పెట్టిన పాత కెమెరా ఉంది. కావలసిందల్లా స్ట్రోబ్, అంటే నీళ్లలో వెలిగే ఫ్లాష్. లోతుకు పోయేకొద్దీ మాయమయ్యే రంగుల్ని వెనక్కి తెచ్చేది అదే. ఇంటర్నెట్‌లో పండితులందరూ చిన్నది చాలన్నారు, కెమెరాకు దూరంగా పక్కన పెట్టమన్నారు. అన్నీ శ్రద్ధగా విని, చివరికి నేను సలహా అడిగింది మా మేనమామను. ఆయన బరాత్‌లకు డీజే నడుపుతాడు. మా చుట్టాల్లో ‘స్ట్రోబ్’ అనే మాట తెలిసింది ఆయనొక్కడికే మరి, డీజే బండి మీద టపటపా కొట్టుకునే లైటు పేరు కూడా అదే.

“స్ట్రోబా? నన్నడుగురా, చెప్త!” అన్నాడు.

“మామా, ఇది నీళ్లల్లది.”

“నీళ్లల్లనైతేంది, రోడ్డు మీదైతేంది? లైటు లైటే గదా. అన్నిట్ల పెద్దది తీస్కో. సీదా కెమెరా నెత్తి మీద బిగియ్యి. పిల్ల మొఖం మీద ధడేల్మని పడాలె. జర గూడ ఫికర్ చెయ్యకు.”

ఎందరో పెళ్లికొడుకుల కళ్లు బైర్లు కమ్మించిన అనుభవం ఆయనది. కాదనడానికి నేనెవరిని? దొరికిన వాటిలో పెద్దది తెప్పించి, చెప్పిన చోటే బిగించాను.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పెద్దనాన్న వ్యవసాయ బావి మా సముద్రం. అన్న, వదిన ఇద్దరూ చిన్నప్పుడే బావుల్లో ఈత నేర్చినవాళ్లు. ఈత రానిది స్పెషలిస్టు ఒక్కడికే. అందుకని నా నడుముకు తాడు కట్టి పెద్దనాన్న గట్టు మీద పట్టుకున్నాడు. వదిన మెల్లగా దిగింది, అన్న హుషారుగా దూకేసరికి అడుగున ఉన్న బురదంతా పైకి లేచింది. “కొట్టురా లైటు!” అని, తన లైటు చూడ్డానికి వచ్చిన మామ గట్టు మీంచి అరిచాడు. మునిగి, కళ్లు గట్టిగా మూసుకుని బటన్ నొక్కాను.

పైకొచ్చి చూస్తే ఫొటో నిండా తెల్లటి చుక్కలు. బురద నలుసునూ నాచు తునకనూ ఒక్కదాన్నీ వదలకుండా మా లైటు తళతళలాడించింది. పక్కన పెట్టమని పండితులు ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది. నిజంగానే ఏడుపొచ్చింది. కార్డులన్నీ కళ్ల ముందు తిరిగాయి.

వదిన కెమెరా లాక్కుని చూసింది. “అబ్బ, మంచు పడుతాంది సూడుండ్రి! ఎంటికెలు గాలికి ఎగురుతానయ్. మనాలి పోయినట్టే ఉన్నది!”

“నేను జెప్పలే?” అన్నాడు మామ.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఆ ఫొటోనే ఫ్లెక్సీగా వెలిసింది. “లగ్గంగాకముందే మనాలి పోయిండ్రా?” అని చుట్టాలు పెద్దమ్మను నిలదీశారు. “మా పొలంల బాయేనమ్మా, ఒట్టు!” అంటూ ఆమె హాలంతా తిరిగింది. ఒక్కరూ నమ్మలేదు. ఓనరు మాత్రం, “మంచు ఎఫెక్టు బాగ కొట్టినవురా” అని కెమెరా చేతికిచ్చాడు.

ఇప్పుడు నా దగ్గర రెండు చిన్న స్ట్రోబ్‌లున్నాయి, రెండూ బుద్ధిగా పక్కలకే ఉంటాయి. నా ఫొటోల్లో ఒక్క నలుసు కనబడదు. వాటిని ఎవరూ గోడకు తగిలించుకోలేదు. అన్న వాళ్ల హాల్లో మాత్రం ఆ మంచు ఇంకా కురుస్తూనే ఉంది. “బాబాయ్, గంత మంచుల అమ్మ చెప్పులెందుకు ఏస్కోలే?” అని వాళ్ల పాప మొన్న అడిగింది. నవ్వుతూ ఫొటోకేసి చూశాను. ఫొటోలో కనిపించకపోయినా, తాడు చివర కళ్లు మూసుకుని వేలాడుతున్న ఆ కుర్రాడు నాకు కనిపిస్తూనే ఉంటాడు. వాడికి ఈత రాదు, లైటు సంగతి తెలియదు, అయినా దిగేశాడు. నాకిప్పుడు రెండూ వచ్చు. బావిలో దిగాలంటే మాత్రం, ముందు పెద్దనాన్నకు ఫోన్ చేసి నాచు ఎంతుందో కనుక్కుంటున్నాను.