మాస్టారి నిప్పు

మాస్టారు పోయారు. పోయిన ఆదివారం పొద్దున ఇడ్లీ ప్లేట్లలో పిండి వేస్తుండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, డాడీ ఇంక లేరు. స్లీప్‌లోనే అట, హాస్పిటల్ వాళ్ళు ఇప్పుడే కాల్ చేశారు." నేను అయ్యో అన్నాను. మిగిలిన పిండి కూడా వేసి, కుక్కర్ మూత పెట్టి, అప్పుడు కూర్చున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఈ నాలుగు మాటలూ నేను సిగ్గుపడాల్సిన సంగతి గురించే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఆస్ట్రేలియాలో, పెర్త్‌లోని హారిస్‌డేల్‌లో మా వెనకిల్లు వాళ్ళది. పరిచయం మాత్రం ఇక్కడిది కాదు, బోట్స్వానాది. పాతికేళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో నేను కాకినాడ నుంచి గాబరోన్‌లో దిగాను. మా ఆయన అక్కడ అకౌంటెంట్. పక్కింట్లో ఉండే మాస్టారు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. శనివారం మధ్యాహ్నమైతే చాలు, మడత కుర్చీలూ కూల్‌డ్రింకులూ పట్టుకుని తెలుగువాళ్ళందరం వాళ్ళ పెరట్లో చేరేవాళ్ళం. కట్టెలు కాల్చి ఆ నిప్పుల మీద మాంసం కాల్చుకు తింటూ పొద్దుపోయేదాకా కూర్చోవడాన్ని అక్కడ బ్రాయ్ అంటారు. కొత్త దేశంలో మాకు సినిమా, షికారు, చుట్టరికం అన్నీ అదే.

విచిత్రమేమిటంటే ఆ నిప్పు చూసే మాస్టారు గుడ్డు కూడా ముట్టరు. స్కూల్లో చరిత్ర చెప్పే అక్కడి స్నేహితుడొకాయన ఆయనకు కట్టెలు పేర్చడం నేర్పాడట. "మాంసం మీది, నిప్పు నాది" అనేవారు. ఆయనకు రెండు పట్టకార్లు. ఒకటి మా మాంసానికి. ఎర్రదారం చుట్టింది తన వంకాయలకు. అందరి ముక్కలూ కాలాక, చివరన ఆ వంకాయలు కాల్చి పచ్చడి నూరించేవారు. కట్టెలు బాగా కాలి పైన బూడిద కమ్మేదాకా ఎవరు దగ్గరికొచ్చినా కసిరేవారు. ఒకరు పెట్టిన నిప్పును ఇంకొకరు కదపకూడదన్నది అక్కడి మర్యాద. ఒకసారి మా ఆయన ఊరుకోలేక ఒక కట్టె ఎగదోశాడు. "ఏవయ్యా, మీ ఇంటికొచ్చి మీ పొయ్యి నేను కెలికితే ఊరుకుంటావా?" అని అందరి ముందూ దులిపేశారు.

నేను దిగిన రెండో శనివారమే అమ్మ గుర్తొచ్చి అక్కడే ఏడుపొచ్చేసింది. మాస్టారు నా వైపు చూడకుండానే అడిగారు. "అమ్మాయ్, కళ్ళనీళ్ళు పొగకా, అమ్మకా?"

"అమ్మకేనండీ."

"పొగకని చెప్పు. ఇంకెవరూ అడగరు. కుర్చీ ఇటు లాక్కో, గాలి ఇటే కొడుతోంది."

ఆ ఏడాదంతా నా కుర్చీ పొగ వైపే ఉండేది. ఎంత ఏడ్చినా ఒక్కళ్ళు కూడా ఎందుకని అడగలేదు. ఆ ఊళ్ళో నేను నిలదొక్కుకున్నానంటే అది ఆయన పెట్టిన పొగ చలవే.

తర్వాత మేం పెర్త్ వచ్చేశాం. భార్య పోయాక, రిటైరై, ఆయనా కూతురి దగ్గరికి వచ్చారు. మొదటి వారమే పార్కులో తెలుగువాళ్ళ బార్బీకి, అంటే ఇక్కడి బార్బెక్యూకి, తీసుకెళ్ళాం. ఎర్రదారం పట్టకారు జేబులో పెట్టుకుని వచ్చారు. మా ఆయన అక్కడి కరెంటు పొయ్యి బటన్ నొక్కాడు, రేకు వేడెక్కింది. మాస్టారు వంగి కిందికీ పైకీ చూసి, "నిప్పేదమ్మాయ్?" అన్నారు. అందరం విరగబడి నవ్వాం. "ఇది ఆఫ్రికా కాదు మాస్టారూ!" అన్నది నేనే. ఆ మాట మావాళ్ళకు తెగ నచ్చింది. ఆయన ఏం మాట్లాడబోయినా ఎవరో ఒకరు అదే అనేవారు. ఆయనా నవ్వేవారు. కొన్నాళ్ళకు మాట్లాడడం తగ్గించేశారు.

మూడేళ్ళ కిందట ఒక ఎండాకాలం, శనివారం. ఎండా గాలీ ఎక్కువని బయట కట్టెలు ముట్టించకూడదని నిషేధం పెట్టారు. గ్యాస్ మీద వండుకోవచ్చు. ఆ మధ్యాహ్నం మా ఆయన బాస్ మా ఇంటికి వస్తున్నాడు. నేను మేడ మీద గదిలో చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కిటికీలోంచి చూస్తే వెనకింట్లో పొగ. మాస్టారు ఒక్కరే, పాత బకెట్టులో నాలుగు పుల్లలు పేర్చుకుని, రెండు వంకాయలు పెట్టుకుని కూర్చున్నారు. కూతురు ఇంట్లో లేదు. నిషేధం సంగతి ఆయనకు తెలిసినట్టు లేదు.

గోడ దగ్గరికెళ్ళి ఒక్క మాట చెబితే ఆర్పేసేవారు. నేను కౌన్సిల్‌కు, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి, ఫోన్ చేశాను. మంటలు అంటుకుంటాయన్న భయంతో కాదు. పొగ మేం భోజనాలకు సర్దిన పాటియో మీదికి వస్తోంది, వచ్చేవాడు ఏమనుకుంటాడో అని. పేరు చెప్పలేదు. కౌన్సిల్ వాళ్ళ రేంజర్ వచ్చాడు. యూనిఫాం చూసి మాస్టారు లేచి నిలబడ్డారు. తను పెట్టిన నిప్పు మీద తనే హోస్ పట్టుకుని నీళ్ళు పోశారు. నేను కర్టెన్ వెనక నిలబడి చూశాను. ఆ తర్వాత కిందికెళ్ళి అతిథులకు కబాబులు వడ్డించాను.

మర్నాడు గోడ మీంచి పలకరించారు. "ఎవరో ఫోన్ చేశారట అమ్మాయ్. మంచిపనే చేశారు, గాలి ఎక్కువగా ఉంది నిన్న." అని ఒక్కసారి మా మేడ కిటికీ వైపు చూశారు. వాళ్ళ పెరడు కనిపించేది ఆ ఒక్క కిటికీ నుంచే. ఆయన మళ్ళీ నిప్పు పెట్టలేదు.

కూతురు మాత్రం మండిపడింది. "ఎవరో డాబ్ చేశారు ఆంటీ, చాటుగా కంప్లైంట్ ఇచ్చారు. ఐ నో, పక్కింటి ఆసీ ముసలాయనే. డాడీ పాపం షేక్ అయిపోయారు, యూ నో?" నేను తల ఊపాను. ఆ రోజు నుంచి ఆ ముసలాయనతో ఆమెకు మాటల్లేవు. మూడేళ్ళుగా నేను ఆ పిల్లకు గోంగూర పంపిస్తూనే ఉన్నాను, నిజం చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, అదీ ఆమెకు తెలుగు చదవడం రాదన్న ధైర్యంతోనే.

బుధవారం క్రిమటోరియంలో ఆ ముసలాయన వెనక వరసలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చూసి ముఖం తిప్పుకుంది. మంత్రాలయ్యాక అక్కడి మనిషి గోడ దగ్గరి బటన్ చూపించాడు. ఆమె వెనక్కి జరిగి నా చెయ్యి పట్టుకుంది. "ఐ కాంట్, ఆంటీ. మీరు నొక్కండి. గాబరోన్‌లో తన నిప్పు దగ్గర ప్రతి శనివారం కూర్చునేది మీరేనట, డాడీ చెప్పేవారు."

నొక్కాను. తెర కదిలింది, పెట్టె లోపలికి వెళ్ళింది. ఎక్కడా మంట కనపడలేదు. ఏసీ చల్లగా వీస్తోంది. నా కళ్ళు కారిపోతుంటే ఆ పిల్ల టిష్యూ అందిస్తూ, "ఆంటీ, ఎందుకంత ఏడుస్తున్నారు?" అంది. పొగకని చెబుదామంటే ఆ గదిలో పొగ లేదు.