ఉప్పు వద్దన్న పిల్ల

"అమ్మా, ఉప్పు తింటే నేను గూడ ఎండిపోతనా?"

అయిదేళ్ల నా కూతురు ధన్విక పళ్లెం తోసేసింది. మొన్న పుస్తకంలో ఈజిప్టు మమ్మీ బొమ్మ చూసి అడిగితే, కెమిస్ట్రీ చదివిన బుద్ధి ఊరుకోక, శవాన్ని ఉప్పులో ఎలా ఆరబెట్టేవారో వివరించాను. అప్పటి నుంచి అది ఉప్పేసిన కూడు ముట్టడం లేదు. నీరసపడుతుందేమోనని మాటిమాటికీ దాని నుదురు తడిమి చూస్తున్నాను.

పక్కింటి పోశవ్వ వచ్చి సంగతంతా వింది. చొప్పదండి అంగట్లో ఎండుచేపలమ్మి పిల్లల్ని సాకిన మనిషి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే ఆమె భర్త శవం దుబాయ్ నుంచి పెట్టెలో వచ్చింది.

"ఉప్పు ముచ్చట ఎందుకు చెప్పినవే పిల్లా? గా బొమ్మల సచ్చినాయనకు తిననీకి ఏం పెట్టిండ్రు?"

"రొట్టెలు, ఉల్లిగడ్డలట పెద్దవ్వా. సచ్చినంక గూడ ఆకలైతదని వాళ్ల నమ్మకం."

"మనం సచ్చినోళ్ల పేరు మీద పిట్టకు పెట్టినట్టే!"

ధన్విక తలెత్తింది. "ఉప్పు లేకుంట ఉల్లిగడ్డ ఎట్ల తింటడు?"

"జర ఉప్పు అద్దుకుంటడు బిడ్డా," అంది పోశవ్వ.

పిల్ల పళ్లెం దగ్గరికి లాక్కుంది. వెళ్తూ పోశవ్వ నాతో అన్న మాటే ఇప్పుడు పాటిస్తున్నాను.

"పెట్టె జూసి నా పిల్లలు గిట్లనే బుగులుపడ్డరు. బాపు ఏం ఇష్టంగ తింటుండెనో చెప్పిన. నువ్వు గూడ ముందుగాల గా తిండి ముచ్చట చెప్పు. సావు ముచ్చట తర్వాత."