బ్యూనస్ ఎయిర్స్‌లో ఎంగిలి

ఆ ఊరు ఎలా ఉందని ఎవరైనా అడిగితే చాలా బాగుందని చెప్పి మాట మార్చేస్తాను. ఊరు నిజంగానే బాగుంది. బాగాలేనిది నేను.

కెనడాలో, కిచెనర్‌లోని మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది బ్యూనస్ ఎయిర్స్. సెలవు పెట్టి వాళ్ళ ఊరు చూడబోతున్నానని తెలిసి, దగ్గరుండి నా హోటల్ బుకింగ్ క్యాన్సిల్ చేయించింది. వాళ్ళ మేనత్త ఒక్కతే ఉంటుందట, ఇంట్లో గది ఖాళీగా ఉందట. హోటల్లో ఉంటే ఊరు చూసినట్టే కాదని తేల్చేసింది.

ఆ మాట నిజమే. డెబ్బై దాటిన ఆవిడ వెనక నేను పరిగెత్తాల్సి వచ్చింది. బోకాలో రంగురంగుల రేకుల ఇళ్ళు చూపించి, ఇవి ఫొటోల కోసం వచ్చేవాళ్ళకి, అసలు పేట ఇటుంది రమ్మని వెనక సందుల్లోకి తీసుకెళ్ళింది. సాన్ తెల్మోలో పాత సామాన్ల కొట్లన్నీ తిప్పింది. వాన పడ్డాక పేవ్‌మెంట్ మీద ఏ పలక తొక్కితే కిందనుంచి బురదనీళ్ళు చిమ్ముతాయో కూడా ఆవిడకు తెలుసు. ఆవిడకి ఇంగ్లీషు పది మాటలు వచ్చు, నాకు స్పానిష్ అంతకన్నా తక్కువ. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని కబుర్లు చెప్పుకున్నాం.

రెండో రోజు పార్కులో ఆవిడ స్నేహితురాళ్ళు నలుగురు గడ్డి మీద కూర్చుని ఉన్నారు. సంచిలోంచి ఫ్లాస్కు, చిన్న సొరకాయ బుర్ర తీశారు. బుర్రలో చేదాకు పొడి, దాని మీద వేడినీళ్ళు, పీల్చడానికి ఒక లోహపు గొట్టం. మాతే అంటారు. ఒకరు తాగి ఇచ్చాక మళ్ళీ నీళ్ళు పోసి పక్కవాళ్ళకి ఇస్తారు. గొట్టం మాత్రం అందరికీ ఒక్కటే. నా వంతు వచ్చేలోగా అది ఐదు నోళ్ళు తిరిగింది. ఎంగిలి అన్న మాటే నాకు తట్టింది. ఆవిడ నవ్వుతూ బుర్ర నాకు అందించింది. నేను గొంతు పట్టుకుని, ఇన్‌ఫెక్షన్, మీకు అంటుకుంటుంది అని ఫోన్‌లో టైప్ చేసి చూపించాను.

ఎంత తెలివిగా తప్పించుకున్నానో అని మురిసిపోయాను కూడా. సాయంత్రం మా ఆయనకి ఫోన్ చేసి చెప్తే, "ఇంకేం, కాస్త దగ్గడం కూడా ప్రాక్టీస్ చెయ్యి" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆవిడ మాత్రం నమ్మింది. మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం వాళ్ళ పేట క్లబ్బులో టాంగో. నన్ను తీసుకెళ్ళాలని వారం ముందే టేబుల్ చెప్పి ఉంచింది. డాన్సుకి వేసుకునే ఎర్ర చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకుంది. పొద్దున లేచి చూసేసరికి పొయ్యి మీద గుమ్మడికాయ సూపు ఉడుకుతోంది. క్లబ్బుకి రావట్లేదని ఫోన్ కూడా చేసేసింది. మీరు వెళ్ళండి, నాకేం ఫర్వాలేదని ఎంత చెప్పినా వినలేదు. జ్వరమొస్తే ఎవరు చూస్తారని కసిరి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. వీధి చివరినుంచి పాట వినబడుతూనే ఉంది. ఆవిడ కుర్చీలో కూర్చుని పాదంతో తాళం వేస్తోంది. దుక్కలా ఉన్న నేను దుప్పటి కప్పుకుని సూపు తాగాను. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే ఆవిడ చివరి రెండు పాటలకైనా వెళ్ళేది. చెప్పలేదు.

అదంతా శుభ్రత కోసమేనని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు. చిన్నప్పుడు జామకాయ మీద గౌను అంచు కప్పి కొరికి, కాకి ఎంగిలి అంటూ చెల్లెలితో పంచుకున్నదాన్ని. మా ఆయన తాగి వదిలేసిన కాఫీ ఇప్పటికీ తాగుతాను. ఏనాడూ నాకు క్రిములు గుర్తుకు రాలేదు. అది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నేను తిరిగొచ్చిన కొన్నాళ్ళకి నా పక్క సీటు అమ్మాయి కూడా ఊరెళ్ళి వచ్చింది. లంచ్ రూములో నా ముందు ఒక పొట్లం విప్పింది. కొత్త బుర్ర, కొత్త గొట్టం, పొడి.

"అత్త పంపింది. నీ గొంతు గురించి ఆవిడకి ఒకటే బెంగ. ఇది నీ ఒక్కదానికే, ఎవరూ నోరు పెట్టలేదు" అంది.

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా గొంతుకి ఏమీ కాలేదని చెప్పాను. సూపు సంగతి, టాంగో సంగతి, ఎంగిలి అంటే మాకు ఏమిటో, అన్నీ చెప్పాను. ఆమె కోప్పడలేదు. అర్థం చేసుకోవాలనే చూసింది.

"అయితే నువ్వు ఎవరితోనూ అలా తాగవా?" అని అడిగింది.

"మావాళ్ళతో తాగుతాను" అన్నాను.

అనేశాకగానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఆమె తలూపి, లేచి వేడినీళ్ళు తెచ్చింది. పొడి ఎంత వెయ్యాలో, నీళ్ళు ఎక్కడ పొయ్యాలో ఓపిగ్గా చూపించింది. నేను ఒక గుటక తాగి, బుర్ర ఆమె వైపు జరిపాను.

"వద్దులే, అది నీది" అంది మెల్లగా, తన కాఫీ కప్పు దగ్గరికి తీసుకుంటూ.