బిర్‌కి నక్ఫా, ఒకటికి ఒకటి

అదిగ్రాత్‌లో అందరికీ అల్గానెష్ అంటే కారప్పొడి అమ్మే ముసలమ్మ. నాకు మాత్రం ఆమె జలంబెస్సా మనిషి. ఎరిత్రియా సరిహద్దు మీదున్న ఆ ఊళ్ళో మా నాన్న కుట్టుమిషను ఆమె దుకాణం పక్కనే ఉండేది. ఆ మిరప ఘాటుకు తుమ్ముతూ పెరిగినదాన్ని నేను.

అప్పట్లో సరిహద్దును ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఎరిత్రియా వేరే దేశమైపోయినా రెండు వైపులా ఒకే భాష, ఒకే పండుగలు, చేతిలో మా దేశపు బిర్ నోట్లే. సంత రోజున అవతలి సెనాఫె నుంచి ఆడవాళ్ళు గాడిదలను తోలుకుని వచ్చేవారు. వాళ్ళలో జుఫాన్ ఒకతె. మనిషి సన్నం, గొంతు పెద్దది. సబ్బులూ ప్లాస్టిక్ చెప్పులూ తెచ్చి అమ్ముకుని, తిరుగు గాడిద మీద అల్గానెష్ కారం వేసుకుపోయేది. బేరం తెగాక ఇద్దరూ కాఫీకి కూర్చునేవారు. మూడో విడత కూడా తాగితే గాని లేచేవారు కాదు.

"నీ కారానికి మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడక్కా!"

"కారానికేనా, నీ నోటికా? సరిగ్గా అడిగి చూడు."

1997 చివర్లో ఎరిత్రియా సొంత డబ్బు అచ్చు వేసింది. దానికి నక్ఫా అని పేరు పెట్టారు. బిర్‌తో సమానం, ఒకటికి ఒకటి అని అవతలి ప్రభుత్వం చెప్పింది. ఇవతలి ప్రభుత్వం కుదరదంది, పెద్ద వ్యాపారమంతా డాలర్లలోనే జరగాలంది. సంతలో ఎవరికి తోచిన రేటు వాళ్ళు చెప్పసాగారు. పది నక్ఫాలకు ఎనిమిది బిర్‌లని ఒకడంటే ఏడేనని ఇంకొకడు. చాలామంది ఆ నోట్లను ముట్టుకోనేలేదు.

ఆ వారం జుఫాన్ పెళపెళలాడే కొత్త నోట్లు కొంగున కట్టుకుని వచ్చింది. అంగడంతా తిరిగి, ముఖం చిన్నబుచ్చుకుని, చివరికి అల్గానెష్ ముందు కూలబడింది.

"నీకూ వద్దంటే చెప్పక్కా, గాడిదను ఖాళీగా తోలుకుపోతాను."

అల్గానెష్ తూకం రాళ్ళు వేస్తూనే అంది, "ఎప్పుడూ పట్టుకెళ్ళేంతేగా? ఒకటికి ఒకటి. నోటు మీద బొమ్మ మారితే నువ్వు మారావా ఏం?"

ఆమె భర్త కహ్సాయ్ లోపలి నుంచి అరిచాడు. "ఆ కాగితాలు ఏం చేసుకుంటావే? పొయ్యిలో పెడతావా?"

"సెనాఫె పోయి సబ్బులు కొంటాను. నీ చొక్కా కంపు వదిలించాలిగా!"

అన్నట్టే ఆ నోట్లతో అక్కడ సబ్బులు కొని తెచ్చేది. ఎంత కొన్నా కొన్ని నోట్లు మిగిలిపోయేవి. నష్టం వచ్చిందనే చెప్పాలి. అయినా ఆ కొద్ది నెలలూ ఆమె రేటు మార్చలేదు.

మరుసటి ఏడు వేసవిలో రెండు దేశాలకూ యుద్ధం వచ్చింది. మిరపకాయలు ఎండలో ఆరబోసినవి ఆరబోసినట్టే వదిలి అందరం అదిగ్రాత్‌కి పరుగెత్తాం. తర్వాత ఊళ్ళో నిలబడ్డ గోడ ఒక్కటి లేదన్నారు. కహ్సాయ్ ఊరి మీద బెంగతోనే పోయాడు. అల్గానెష్ అదిగ్రాత్ సంతలో గోనెపట్టా పరుచుకుని మళ్ళీ కారం మొదలుపెట్టింది. నాగజెముడు పండ్ల కాలంలో సెనాఫె పండ్లే తియ్యన అనేది. ఇక్కడి పండ్లు అమ్మేవాళ్ళు తిట్టిపోసేవారు.

ఇరవై ఏళ్ళ తర్వాత, సెప్టెంబరులో వచ్చే మా కొత్త సంవత్సరం రోజున, యుద్ధంతో మూసేసిన సరిహద్దు దారి తెరిచారు. జనం ఏడుస్తూ ఒకరి మీద ఒకరు పడిపోయారు. వెళ్ళి చూసి రమ్మని నేనన్నాను, ఆమె కదల్లేదు. "అక్కడ ఎవరున్నారే నాకు? ఉన్నారో లేదో తెలియనివాళ్ళను వెతికి, లేరని వినాలా?"

ఆ వారంలోనే సంత మధ్యలో ఒక పెద్ద గొంతు వినపడింది. "కారం అల్గానెష్ ఎక్కడమ్మా?" అల్గానెష్ చేతిలోని చేట జారి కారమంతా మట్టిపాలైంది. జుఫాన్ జుట్టు తెల్లబడింది, ఒక కాలు ఈడుస్తోంది. ఇద్దరూ భుజానికి భుజం తాకించుకుని, ఎంతసేపటికీ విడివడలేదు.

ఏడుపులయ్యాక జుఫాన్ కారం కావాలని నోట్లు తీసింది. ఈసారి తూకం తలకిందులైంది. దారి పొడుగునా నోట్లు మార్చే కుర్రాళ్ళు ఒక్క నక్ఫాకి రెండు బిర్‌లకు పైనే ఇస్తున్నారు.

"ఒకటికి ఒకటి లెక్కే తీసుకో అక్కా," అంది జుఫాన్.

"మతిపోయిందా? నువ్వు సగానికి సగం పోగొట్టుకుంటావు!"

"ఆనాడు నువ్వు పోగొట్టుకోలేదూ?"

"ఆనాడు పడుచుదాన్ని, బుద్ధిలేక చేశాను. పో, మార్చుకునిరా!"

"పోను. నీ మొగుడే ఉంటే నా వైపు మాట్లాడేవాడు."

"వాడెప్పుడు నా వైపు మాట్లాడాడు గనక!" అంటూ అల్గానెష్ నవ్వింది. ఆ నవ్వు నేను చిన్నప్పుడు విన్నదే. చివరికి డబ్బు తీసుకోనే లేదు, సంచి నింపి చేతిలో పెట్టింది.

జుఫాన్ కొన్నాళ్ళు ఆమె దగ్గరే ఉంది. ముగ్గురం జలంబెస్సా వెళ్ళాం. కొత్త రేకుల ఇళ్ళ మధ్య దుకాణం ఉన్న చోటు పోల్చుకోలేక వాళ్ళిద్దరూ అక్కడే వాదులాడుకున్నారు. నాన్న కుట్టుమిషను ఎక్కడుండేదో నాకూ తెలియలేదు.

ఆ డిసెంబరులోనే దారి మళ్ళీ మూసేశారు. ఫోన్లు మాత్రం పనిచేస్తున్నాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే అల్గానెష్ నా ఫోను అడుగుతుంది. ఇద్దరూ మోకాళ్ళ నొప్పుల గురించి, మిరపకాయల ధర గురించి మాట్లాడుకుంటారు. నిన్న జుఫాన్ ఏదో అన్నట్టుంది, ఈవిడ గట్టిగా కసిరింది. "చాల్లే, నీ గొంతుకు ఫోనెందుకు? కొండెక్కి అరిస్తే చాలు, నాకు వినపడుతుంది."