సుగుణమ్మ టీచర్ దానియేలు

ఉలి బలంగా దిగినప్పుడు రాయిలోంచి కాలినట్టు ఒక వాసన లేస్తుంది. ఈ ఉదయం నల్లపాడులోని నా షెడ్డులో ఆ వాసన తగలగానే సుగుణమ్మ టీచర్ గుర్తొచ్చారు. వినుకొండ దగ్గర మా ఊరి బడిలో ఆవిడ డ్రాయింగు చెప్పేవారు. మా నాన్న రోళ్ళు చెక్కేవాడు. నేను పదో తరగతి తప్పి, ఆయన పక్కన కూర్చుని ఉలి పట్టాను. ఆడపిల్ల ఉలి పట్టిందని మా పేటంతా నవ్వింది. టీచర్ మాత్రం ఒక పాత పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. అందులో ఐర్లండు దేశపు రాతి శిలువలున్నాయి. వెయ్యేళ్ళు దాటినవట. ఒక్కో శిలువ నిండా బొమ్మలే: ఆదాము హవ్వలు, ఇస్సాకు మీద కత్తెత్తిన అబ్రాహాము, సింహాల మధ్య చేతులు చాచి నిలబడ్డ దానియేలు.

"ఇన్ని బొమ్మలెందుకు టీచర్?"

"చదువురాని వాళ్ళు చదువుకోడానికే. మన పేటలో మాత్రం చదువొచ్చినవాళ్ళు ఎంతమంది? చర్చి గుమ్మం పక్కన నిలబెట్టడానికి దానియేలును చెక్కుతావా?"

నాలుగు నెలలు పట్టింది. రోజూ బడి వదలగానే వచ్చి ఎదురుగా కూర్చునేవారు. నేను సింహాన్ని ఎన్నడూ చూడలేదు. వీధికుక్కను చూసి చెక్కాను. "ఆ శిలువలు చెక్కినవాళ్ళు మాత్రం చూశారా ఏంటి, కానియ్" అని నవ్వారు. దానియేలు తలకు మిరప కూలీలా తువ్వాలు చుట్టమన్నదీ ఆవిడే.

రాయి నిలబెట్టిన ఆదివారం సంఘపెద్ద మండిపడ్డాడు. "ఇది విగ్రహం! పైగా ఆడపిల్ల చెక్కింది. తీసేయండి."

"మొక్కడానికి పెట్టలేదండీ, చదవడానికి పెట్టాం" అంటూ టీచర్ రాయికి వీపు ఆనించి నేలమీద కూర్చున్నారు. "ముందు నన్ను లేపండి."

ఎవరూ కదల్లేదు. అక్షరం ముక్క రాని కోటమ్మ మామ్మ వచ్చి రాతిని తడిమింది. "దానియేలు కదమ్మా! పెద్దోళ్ళు సింహాల గుహలో తోసినా చావలేదు. మన కూలోడల్లే ఉన్నాడు."

ఆ వారంలోనే, టీచర్ బడిలో ఉండగా, సంఘపెద్ద మనుషులు రాయిని పెకలించి కాలవగట్టున పడేశారు. చర్చిలో పిల్లలకు ఆవిడ చెప్పే సండేస్కూలు నుంచి ఆవిడను తప్పించారు. నేను ఏడుస్తుంటే, "ఏడుపు తర్వాత, ముందు ట్రాక్టరు మాట్లాడు" అన్నారు టీచర్. ఆ సాయంత్రమే రాయిని తన ఇంటిముందు, మిరపచేలకు వెళ్ళే దారివైపు పాతించారు. తర్వాతి ఆదివారం అక్కడే పాఠం పెట్టారు. పిల్లలందరూ అక్కడికే వచ్చారు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. రాయి కదల్లేదు.

ఇందాక ఏదో చర్చి కమిటీవాళ్ళు శిలువ పని మీద వచ్చారు. "చెక్కేది మీరా? మగాళ్ళెవరూ లేరా?" అన్నారు.

"పని నాదండీ. నచ్చకపోతే వేరేచోట చూసుకోండి" అని సుత్తి అందుకున్నాను.

వాళ్ళు జేబులోంచి చీటీ తీశారు. శిలువ కొలతలు చెప్పడం మొదలుపెట్టారు.