బాపు సైకిల్ మీద మల్లెపూలు

పొద్దున ఫోన్‌లో ఆడపిల్లల సైకిల్ పందెం వార్త చూడగానే నేను బాపు అని పిలిచే మా నాన్న సైకిల్ గుర్తొచ్చింది. సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కిన రోజులు మీకూ గుర్తున్నాయా?

పదేళ్లప్పుడు అలాగే జాంబాగ్ పూల మార్కెట్‌కు వెళ్లి, హ్యాండిల్‌కు సంచి తగిలించుకుని పూజకు మల్లెపూలు తెచ్చాను. గడపలోనే నానమ్మ ఆపింది.

"ఆడపిల్ల సైకిల్ తొక్కి తెచ్చిన పూలు దేవునికెట్ల పెడ్తరే?"

"నడుచుకుంట తెస్తే వాడిపోతయి. వాడినయి పెడ్తవా నానమ్మా?"

ఆమె ఆ పూలు ముట్టుకోలేదు. నేనే కాళ్లు కడుక్కుని, దండ గుచ్చి పటానికి వేశాను. దేవుడైతే వద్దనలేదు.

ఇప్పుడు నాకు యాభై. ఇందాక సైకిల్ బయటికి తీస్తుంటే పక్కింటామె నవ్వింది.

"ఈ వయసుల సైకిలేంది అక్కా?"

"జర జరుగమ్మా, దేవునికి పూలు తేవాలె" అని బెల్లు కొట్టాను.